స్యమంతకమణి కథలో మావాడికొచ్చిన డౌటు

వినాయక చవితి రోజు మా ఇంట్లో కథ చదివేది నేనే. ఆయన పూజ కానిచ్చి పక్కకు జరుగుతారు, నేను పుస్తకం తీసుకుంటాను, మావాడు గుప్పెట్లో అక్షింతలు పట్టుకుని ఉండ్రాళ్ల వైపు చూస్తూ కూర్చుంటాడు. ఏటా ఇంతే. ఈసారి ప్రసేనుడి దగ్గరికి వచ్చేసరికి వాడు చెయ్యి ఎత్తాడు, క్లాసులో ఎత్తినట్టు.

"అమ్మా, ఎలుగుబంటి సింహాన్ని చంపగలదా? నిజంగా?"

కథ మీకు తెలిసిందే. ప్రసేనుడు మణి మెళ్లో వేసుకుని వేటకు వెళ్తే సింహం చంపింది. ఆ సింహాన్ని జాంబవంతుడు చంపి, మణి పట్టుకెళ్లి ఉయ్యాలకు కట్టాడు. ఏడవకు బుజ్జీ, మణి నీదే అని ఉయ్యాల ఊపుతూ పాట. నా చిన్నప్పటి నుంచీ చదువుతున్నాను, ఒక్కసారీ అనుమానం రాలేదు. "జాంబవంతుడు మామూలు ఎలుగు కాదురా, రాముడి కాలం వాడు" అని దాటేసి అక్షింతలు వేయించాను. తొమ్మిదేళ్లవాడు. దాటేస్తే ఊరుకునే వయసు కాదు.

సాయంత్రం మళ్లీ పట్టుకున్నాడు. అప్పుడు ఆ భాగం ఇద్దరం కలిసి మళ్లీ చదివాం. కృష్ణుడు అడవిలోకి వెళ్తే ఏం కనిపించింది? చచ్చిపోయిన ప్రసేనుడు. అక్కణ్నుంచి సింహం అడుగులు. కొంతదూరం పోయాక చచ్చిన సింహం. అక్కణ్నుంచి ఎలుగు అడుగులు, గుహ దాకా. ఇప్పుడు ఫారెస్టు వాళ్లు చేసే పని కూడా అదే కదా, అడుగులు చూసుకుంటూ పోవడం. కానీ అసలు పోట్లాట ఎలా జరిగిందో ఎవరూ చూడలేదు. కృష్ణుడికీ జాంబవంతుడికీ ఇరవై ఎనిమిది రోజుల యుద్ధం రాసినవాళ్లు, సింహం సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఇప్పుడు చూద్దామన్నా కుదరదు. మన దేశంలో సింహాలున్నవి గుజరాత్‌లో గిర్ అడవుల్లో, ఆ చుట్టుపక్కల. గుజరాత్‌లోనే ఎలుగులూ ఉన్నాయి కానీ అవి ఉత్తరం, తూర్పు వైపు కొండల్లో. ఒకప్పుడు ఉత్తర భారతంలో చాలా దూరం సింహాలు తిరిగేవి కాబట్టి అప్పుడు ఎదురుపడి ఉంటాయి. ఇవాళ ఎలుగుకు ఎదురొచ్చేది పెద్దపులి, లేకపోతే చిరుత.

మేముండేది బెంగుళూరు హుళిమావులో. బన్నేరుఘట్ట జూ ఇదే రోడ్డు మీద. ఊరి నుంచి ఎవరొచ్చినా తీసుకెళ్లే చోటు అదే కాబట్టి నాకు ఆ సఫారీ బస్సు కిటికీ జాలీ కంటతా వచ్చేసింది. అయినా ఆ ఆదివారం మళ్లీ వెళ్లాం. అక్కడ ఎలుగులకు వేరే, సింహాలకు వేరే, పులులకు వేరే కంచెలు. ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి వెళ్లాలంటే రెండు గేట్లు. వెనకది మూస్తేగానీ ముందుది తెరవరు. "మధ్యలో ఇన్ని గేట్లెందుకు?" అని మావాడు డ్రైవరుని అడిగాడు. ఆయన కన్నడంలో, కరడిని ఎవరూ నమ్మకూడదు అన్నట్టు ఏదో అని నవ్వాడు. పులి పేరే ఎత్తలేదు. కన్నడంలో కరడి అంటే ఎలుగే.

ఎలుగుల కంచెలో ఒకటి మా బస్సుకు బాగా దగ్గరగా ఉంది. ఎండిన దుంగ ఒకటి పట్టుకుని పనిలో ఉంది. బస్సు ఆగినా, పిల్లలు అరిచినా తల ఎత్తలేదు. ముందు ఉఫ్‌మని మట్టి ఊదుతుంది. తర్వాత బోండం అడుగున మిగిలిన నీళ్లు స్ట్రాతో లాగితే వస్తుందే, ఆ జుర్రుమనే చప్పుడు. మళ్లీ ఉఫ్. మళ్లీ జుర్రు. మన దేశంలో ఎక్కువగా కనిపించే ఈ రకం ఎలుగుకి (స్లాత్ బేర్ అంటారు) పై వరసలో ముందు పళ్లు రెండు ఉండవు. పెదాలు పొడుగ్గా సాగుతాయి, ముక్కుపుటాలు మూసుకోగలదు. చెదపురుగుల్ని పీల్చుకు తినడానికే ఆ మూతి. చేతి గోళ్లు మాత్రం నా వేలంత పొడవు, కొంచెం వంపు తిరిగి, పారల్లా ఉన్నాయి. ఆ గోళ్లు పుట్టలు తవ్వడానికి. వాటితో ఇంకేమేం చేయగలదో తర్వాత చెప్తాను.

ఆ చప్పుడు అడవిలో వంద మీటర్ల అవతలికి కూడా వినిపిస్తుంది. కష్టం ఏమిటంటే, తను అంత చప్పుడు చేస్తూ తింటుంటే పక్కన ఆకు చప్పుడైనా దానికి వినబడదు. చూపు కూడా అంతంతమాత్రమే. ముక్కు మంచిదే గానీ ఆ సమయంలో ముక్కు పుట్టలో ఉంటుంది. అంటే పులి వెనకనుంచి వస్తోందనుకోండి, పది అడుగుల దూరం వచ్చేదాకా ఎలుగుకు తెలియకపోవచ్చు.

పులి మేం వెళ్లేసరికి నీళ్ల తొట్టి పక్కన నీడలో వెల్లకిలా పడుకుని ఉంది. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

ఇక్కడ చిన్న పక్కదారి. బన్నేరుఘట్టలో సఫారీతో పాటు ఎలుగుల పునరావాస కేంద్రం కూడా ఉంది. వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ అనే జంతు సంరక్షణ సంస్థ వాళ్లు కర్ణాటక అటవీశాఖతో కలిసి నడుపుతున్నారు. ముక్కులోంచి తాడు దూర్చి ఊరూరా ఆడించిన ఎలుగుల్ని, వాటిని ఆడించి బతికే కలందర్ల దగ్గరనుంచి తెచ్చి అక్కడ పెట్టారు. 2009లో చివరి ఎలుగును అప్పగించడంతో ఆ ఆట మన దేశంలో అయిపోయింది. మా చిన్నప్పుడు మా ఊరికీ ఎలుగును ఆడించేవాళ్లు వచ్చేవారు. జ్వరమొచ్చిన పిల్లల్ని, రాత్రిళ్లు ఉలిక్కిపడే పిల్లల్ని దాని వీపు మీద కూర్చోబెట్టి ఒక తిప్పు తిప్పేవారు. వెంట్రుక పీకి తాయెత్తులో పెట్టి ఇచ్చేవారు, భయం పోతుందని. నా మెళ్లో రెండో క్లాసు దాకా ఉండేది. అంత భయస్తురాలి వెంట్రుక కట్టుకుని నేను ధైర్యం తెచ్చుకున్నానన్నమాట. భయస్తురాలు అని ఎందుకంటున్నానో చెప్తాను.

ఇంటికొచ్చాక మావాడు ఫోన్లో "పులి వర్సెస్ ఎలుగు" అని కొట్టాడు. ముందు వచ్చినవన్నీ చెత్త. రెండు బొమ్మలు, కింద బరువు, బలం, పంజా పవరు, చివర్లో విజేత. కుస్తీ పోటీ అనుకున్నారు. కొంచెం కిందకు వెళ్తే అడవుల్లో టూరిస్టులు, గైడ్లు తీసిన అసలు వీడియోలు దొరికాయి. ఆఫీసులో నెలాఖరు జీతాల లెక్కలు పక్కన పెట్టి మరీ రెండు రాత్రులు వాటితోనే గడిపాను. వాడు నిద్రపోయాక కూడా.

చూసినకొద్దీ ఒకటే వరస. పులి గడ్డిలోంచి మెల్లగా వస్తుంది. ఎలుగు తన పనిలో ఉంటుంది. బాగా దగ్గరికి వచ్చాక ఎలుగుకు వాసన తగులుతుంది, ఒక్కసారి వెనక కాళ్ల మీద లేచి నిలబడుతుంది. నల్లటి బొచ్చంతా రేగి, ఛాతీ మీద తెల్లటి గీత పైకి కనిపిస్తూ, ఉన్నదానికి రెండింతలు అవుతుంది. అరుస్తుంది చూడండి, అది జంతువు అరుపులా ఉండదు, ఎవరినో కొడుతున్నట్టు ఉంటుంది. తర్వాత పులి మీదికే పరుగు. రెండు గజాల దూరంలో ఆగిపోతుంది, లేదా ఒక పంజా విసిరి ఆగుతుంది. పులి చెవులు వెనక్కి పెట్టి నేలకు అతుక్కుంటుంది, లేదా పక్కకు గెంతుతుంది. ఎలుగు ఇంకోసారి అరుస్తుంది. పులి కూర్చుంటుంది. నిజంగానే, పిల్లి కూర్చున్నట్టు కూర్చుని ఎటో చూస్తుంది. ఎలుగు ఆ సందులో వెనక్కి తిరిగి పొదల్లోకి పరుగు. గెలిచినవాడు అలా పారిపోడు కదా అని మావాడు గొణిగాడు.

చాలాసార్లు కథ అక్కడితో సరి. దెబ్బలు తగలకుండానే ఎవరి దారి వాళ్లది.

పులి ఎందుకు తగ్గుతుంది? మగ పులి 200 కిలోలు తేలిగ్గా ఉంటుంది. మన మగ ఎలుగు పెద్దదైతే 140 దాకా, ఆడదైతే వంద లోపే. నాకు జీతాల లెక్కలు రాసీ రాసీ ఇలాగే తోస్తుంది: పులిది మెడికల్ లీవు లేని ఉద్యోగం. వారంలో ఒక వేట పడాలి. ముఖం మీద ఒక్క పంజా పడి కన్ను పోయినా, ముందు కాలు చీరుకుపోయినా తర్వాతి నెల గడవదు. దుప్పి కొడితే తన్నులే, ఎలుగు కొడితే వేలంత గోళ్లు. పైగా ఎలుగు మెడ మీద అంత బొచ్చు, వదులు చర్మం. పులికి నోట్లోకి ముందు వచ్చేది బొచ్చే. అందుకని పులి ఎలుగును తినాలనుకుంటే ఎదురుగా రాదు, వెనకనుంచి వస్తుంది. ఎలుగు తల పుట్టలో ఉన్నప్పుడే మీద పడి మెడ వెనక పట్టుకుంటుంది. అలా చంపిన సందర్భాలూ ఉన్నాయి, పులి ఎలుగును తినదు అనుకోకండి. కానీ ఎలుగు ఒకసారి చూసేసి లేచి నిలబడిందా, ఇక పులికి ఆ బేరం గిట్టదు.

2018లో మహారాష్ట్రలోని తాడోబాలో తీసినది మాత్రం వేరే. పిల్లతో నీళ్లు తాగడానికి వచ్చిన తల్లి ఎలుగు మీద పులి పడింది. పిల్ల పారిపోయింది. పులి తల్లిని కింద పడేసి, పైన ఎక్కి అదిమిపెట్టింది. నల్లటి మూట మీద పసుపు దుప్పటి పరిచినట్టు కనిపిస్తుంది కాసేపు. ఎలుగు అరుపు మాత్రం ఆగదు. అయిపోయింది అనుకుని నేను ఫోన్ పక్కన పెట్టబోయాను. అప్పుడు ఎలా విడిపించుకుందో, లేచి పులి మీదికే తిరగబడింది. చివరికి రెండూ బతికే విడిపోయాయి. అది చూసి మావాడు ఏడ్చాడు. తల్లికి గాయాలయ్యాయనో, పిల్ల ఎటు పోయిందో చూపించలేదనో, అడిగితే చెప్పలేదు.

ఎలుగు ఎందుకు తగ్గదు అన్నదే నాకు పట్టుకుంది. జింకకు కాళ్లున్నాయి. కోతికి చెట్టుంది. అడవి పందికి, పోనీ, కోరలున్నాయి. ఎలుగు చెట్టెక్కగలదు, తేనె కోసం ఎక్కుతుంది కూడా. కానీ పిల్లల్ని చెట్టు మీద దాచితే చిరుత వెనకాలే ఎక్కుతుంది. పరుగెడదామంటే పులి కంటే వేగం లేదు. వీపు మీద పిల్లలు. మన ఎలుగు పిల్లల్ని నెలల తరబడి వీపు మీదే మోస్తుంది. ఆ బొచ్చు పట్టుకుని ఒకటో రెండో వేలాడుతుంటాయి. అమెరికాలో నల్ల ఎలుగులు ప్రమాదమొస్తే పిల్లల్ని చెట్టెక్కించేస్తాయి. మనది వీపెక్కించుకుని ఎదురు తిరుగుతుంది. దానికున్న దారి అదొక్కటే. ఎవరు తక్కువ దూరంలో హఠాత్తుగా కనబడితే వాళ్ల మీద పడు, తర్వాత చూసుకుందాం. ఇందాక భయస్తురాలు అన్నది అందుకే.

చిరుత విషయానికొస్తే ఎలుగు పక్కకు జరగాల్సిన పనే లేదు, చిరుతే జరుగుతుంది. పెరిగిన ఎలుగు జోలికి అది మామూలుగా పోదు, పిల్ల ఒంటరిగా దొరికితే తప్ప. హంపి వెళ్లినప్పుడు దరోజి ఎలుగుల అభయారణ్యానికి వెళ్లాం ఒకసారి. మధ్యాహ్నం పూట రాళ్ల మీద బెల్లం పాకం పూస్తారు, ఎలుగులు కొండల్లోంచి దిగి వచ్చి నాకుతాయి, మనం దూరంగా మంచె మీదనుంచి చూడాలి. ఆ కొండల్లోనే చిరుతలూ ఉన్నాయి. ఎలుగులున్నంతసేపూ రాళ్ల మీద చిరుత జాడ లేదు. 2023 చివర్లో ఇక్కడ కుడ్లు గేట్ దగ్గర చిరుత తిరిగినప్పుడు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్ రాత్రంతా మోగింది, సాయంత్రాలు పిల్లల్ని కిందకు పంపలేదు. ఎలుగు ముందు అదే చిరుత దారి తప్పుకుంటుందంటే నమ్మడం కష్టమే.

మావాడికి ఒక్క పేరు కావాలి, ఎవరు విన్నర్ అని. రష్యా సంగతి చెప్తే ఇంకా తికమక పడ్డాడు. అక్కడ తూర్పు కొనన ఉన్న అడవుల్లో పులులూ, గోధుమరంగు ఎలుగులూ కలిసే ఉంటాయి. ఆ మగ ఎలుగు 300 కిలోలు దాటుతుంది. పులి వేటాడి తింటుంటే వాసన పట్టి వచ్చి తరిమేసి మాంసం తినేస్తుంది. అదే పులి ఇంకోరోజు చిన్న ఎలుగునో, ఆడ ఎలుగునో పట్టి తినేస్తుంది. అమెరికాలో పూమా అనే పిల్లిజాతి జంతువు అయితే ఎలుగు వస్తే పోట్లాడకుండా తన తిండి వదిలేసి పోయి ఇంకోటి వేటాడుకుంటుంది. ఎవరు పెద్ద, ఎవరికి ఆకలి, ఎవరు ముందు చూశారు, పిల్లలున్నాయా. వీటిని బట్టే ఉంటుంది. "అయితే జాంబవంతుడు?" అన్నాడు. "జాంబవంతుడు గోధుమరంగు ఎలుగేమో" అన్నాను. ఆ జవాబు వాడికి నచ్చింది, నాకే సిగ్గేసింది.

ఇక్కడ మా చిన్నాన్న గురించి చెప్పాలి. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, వజ్రపుకొత్తూరు వైపు. బెంగుళూరులో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పలాసలో దిగుతాం. జీడితోటలు, కొబ్బరి, పనస. తిత్లీ తుఫాను తర్వాత తోటలు మునుపటిలా లేవు గానీ, అంతకు ముందు ఎండాకాలం జీడిపళ్ల వాసనకు తోట తోటంతా పులిసిన బెల్లంలా ఉండేది. ఆ పళ్లకు, పనసకు ఎలుగులు వస్తాయి. 2017 ఏప్రిల్లో తెల్లవారుజామున చిన్నాన్న ఒక్కడే జీడిగింజలు ఏరడానికి వెళ్లాడు. చెప్పుల్లేకుండా, చప్పుడు చెయ్యకుండా. దొంగలు ముందే ఏరుకుపోతున్నారని, వాళ్లను పట్టుకుందామని. చెట్టు చుట్టూ తిరిగి అటు వెళ్లేసరికి పొదలో తల పెట్టి ఎలుగు. మధ్యలో రెండు బారలు.

ఎడమ చెంప, చెవి, కంటి కింద దాకా పోయింది. విశాఖ తీసుకెళ్లారు, నెలన్నర ఉన్నాడు. కన్ను దక్కింది. ఇప్పటికీ నీళ్లు తాగితే ఆ పక్క నుంచి కారతాయి, తువ్వాలు భుజం మీదే ఉంటుంది.

అడవి పక్కన బతికేవాళ్లు పులి కంటే ఎలుగుకే ఎక్కువ భయపడతారు. పులికి మనిషి అలికిడి తెలిస్తే ముందే తప్పుకుంటుంది. ఎలుగుకు తెలిసేసరికే ఆలస్యమైపోతుంది, దగ్గరికి వచ్చేసి ఉంటాం. అప్పుడు దాని కంటికి మనం పులిమే. లేచి నిలబడుతుంది, నిలబడితే దాని పంజా మన ముఖం ఎత్తుకు వస్తుంది. అందుకే ఎలుగు చేసే గాయాలు చాలావరకు తల మీద, ముఖం మీద. మా తోటల్లో పులిని మా తాత కూడా చూడలేదు. శ్రీలంకలో అయితే పులులే లేవు, అక్కడి ఎలుగులూ మనుషుల మీద పడతాయి. పులి లేకపోయినా ఆ అలవాటు పోలేదు. తిరుమల నడకదారిలో చిరుత భయంతో 2023లో చేతికర్రలు ఇచ్చారు, గుంపులుగా వెళ్లమన్నారు. కర్ర వల్ల ఏమవుతుందని చాలామంది ఎగతాళి చేశారు. కర్ర నేల మీద టకటక కొట్టుకుంటూ నలుగురు మాట్లాడుకుంటూ వెళ్తే అవతలివాడికి ముందే తెలుస్తుంది, నాకు అందులో ఎగతాళి కనబడలేదు.

చవితి వెళ్లిన వారానికి చిన్నాన్న ఫోన్ చేశాడు. మావాడు లాక్కున్నాడు. స్పీకర్లో పెట్టమన్నాను.

"తాతయ్యా, ఎలుగు మీదికొచ్చినప్పుడు నువ్వేం చేశావు?"

"ఏటి సేస్తాను. అరిసినాను."

"అది?"

"అదీ అరిసింది. నా అరుపేదో దాని అరుపేదో నాకు తెల్లేదురా బాబూ. కొట్టి, నా కంటే ముందది పారిపోనాది."

మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, వేసవి సెలవుల్లో వస్తే తోటకు తీసుకెళ్తావా అని అడిగాడు.

"తీసుకెల్తాను. మీ అమ్మని పాత నూనె డబ్బా ఒకటి అట్టిపెట్టమను. కర్రతో మోగించుకుంటా ఎల్దాం."

ఐదు లీటర్ల రేకు డబ్బా కడిగి బాల్కనీలో బోర్లించాను.